ఎలుగుబంటి వెంట్రుక

మొన్న మా స్నేహితుల గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఎవరిదో పెద్ద ఇల్లు, వెనక ఈతకొలను, అందులో ఒక ఎలుగుబంటి మెడదాకా మునిగి హాయిగా కూర్చుంది. ఫ్రీమాంట్‌లో ఉండే నా స్నేహితురాలు "రెంట్ కట్టమనండి దాన్ని" అని రాసింది. అందరూ పడీపడీ నవ్వే బొమ్మలు పెట్టారు. మర్యాదకి నేనూ ఒకటి పెట్టాను. కానీ ఫోను పట్టుకున్న చేతికి చెమటలు పట్టాయి. నేనున్నది అక్కడికి రెండువేల మైళ్ళ దూరాన ట్రాయ్‌లో, మా ఇంట్లో, సోఫాలో. మా వీధిలో కుందేలును మించిన జంతువును నేను చూడలేదు. అయినా లేచి వెళ్ళి వెనక తలుపు గడియ వేసుందో లేదో చూసి వచ్చాను.

మా అమ్మాయి అది గమనించి నవ్వింది. "అమ్మా, ఆ బేర్ కాలిఫోర్నియాలో ఉంది. ఇక్కడికి రావాలంటే ఫ్లైట్ ఎక్కాలి."

గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించడమంటే ఇదే. దాన్ని కూర్చోబెట్టి నా చిన్నప్పటి ఒక వేసవి సంగతి చెప్పాను.

మా ఊరు ఇదే రాష్ట్రంలో, బాగా పైన, ఉత్తరాన ఉండేది. ఊరంటే ఏముంది, ఒక సరస్సు, దాని చుట్టూ అడవి, ఆ అడవి విసుగెత్తి ఆగిన చోట కొన్ని ఇళ్ళు. ఒక కాగితం మిల్లు ఉండేది. గాలి అటునుంచి వీస్తే ఊరంతా ఉడికిన క్యాబేజీ వాసన. గాలి తిరిగితే పైన్ చెట్ల జిగురు వాసన, చేపల వాసన, నానిన చెక్క వాసన. నాన్న అక్కడి చిన్న ఆసుపత్రిలో డాక్టరు, అమ్మ అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. తెలుగు మాట మా ఇంటి గుమ్మం దాటితే మళ్ళీ మా ఇంట్లోనే వినపడాలి.

అలాంటి చోట పుట్టిన పిల్ల అడవిపిల్లలా తిరగాలి. నేను కుక్కిన పేనులా కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. అక్కడ దేనికి భయపడకుండా ఉండాలో నాకు తెలిసేది కాదు. చలికాలంలో సరస్సు గడ్డకట్టేటప్పుడు లోపల ఎవరో ఇనప బీరువా ఈడుస్తున్నట్టు చప్పుడయ్యేది. నాన్న "అది ఐస్ సర్దుకోవడం అమ్మా, సైన్స్" అనేవారు. సైన్స్ అయితే మాత్రం, అంత గట్టిగా అరవాలా? వేసవి సాయంత్రాల్లో లూన్ అనే నీటిపక్షి కూసేది. కూత కాదది, ఎవరో ఆడమనిషి దారి తప్పి ఏడుస్తున్నట్టుండేది. పడవ కట్టే చెక్కల రేవు కింద ఒక ముసలి తాబేలు ఉందని, అది పిల్లల కాలివేళ్ళు కొరుకుతుందని పక్కింటామె ఒకసారి అంది. ఆవిడ నవ్వులాటకే అంది. నేను మాత్రం ఆ వేసవంతా నీళ్ళలో కాలు పెట్టలేదు.

వీటన్నిటినీ మించిన భయం స్కూలు బస్సు ఎక్కడం. బస్సు మా ఇంటిదాకా వచ్చేది కాదు. మా వాకిట్లోంచి ఒక మట్టిరోడ్డు అడవిలో దూరి, మెలికలు తిరిగి, పెద్దరోడ్డులో కలుస్తుంది. ఆ మలుపు దగ్గరికి వెళ్ళి నిలబడాలి. అటూ ఇటూ చెట్లు, ఆకుల వెనక ఏదో కదిలే చప్పుడు. నేను ఒక్కదాన్నీ వెళ్ళనని వాంతి అయ్యేదాకా ఏడ్చేదాన్ని. అమ్మ కారులో తీసుకెళ్ళి బస్సు వచ్చేదాకా నిలబడేది, దాంతో రోజూ డ్యూటీకి ఆలస్యం. "ఇంకోసారి వార్నింగ్ ఇస్తే నేను రిజైన్ చేయడమే" అని అమ్మ నాన్నతో అనడం నా చెవిన పడింది. అమ్మకి ఆ ఉద్యోగమంటే ప్రాణం.

ఆ వసంతంలో అమ్మమ్మ వచ్చింది. స్కూలు సెలవులిచ్చేదాకా రోజూ నా చెయ్యి పట్టుకుని మలుపుదాకా నడిచింది. కానీ సెలవులయ్యేనాటికి ఆవిడ తిరిగి వెళ్ళిపోతుంది. అప్పుడు ఈ పిల్ల గతేమిటి? ఇంట్లో అందరి మనసులోనూ అదే ఉంది, ఎవరూ పైకి అనేవారు కాదు.

అమ్మమ్మది కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు. బక్కపలచని మనిషి. ఎడమకంటికి శుక్లం తీశారు, కుడికంటికి తీయాల్సి ఉంది. ఆ పక్కనుంచి ఎవరొచ్చినా మాట వినపడితే తప్ప తెలిసేది కాదు. ఆవిడ దగ్గరికి వెళ్తే జీలకర్ర, కొబ్బరినూనె కలిసిన వాసన వచ్చేది. ఆవిడకి భయమనేది లేదని నేను నమ్మాను. లూన్ కూసిన మొదటి సాయంత్రం నేను మంచం కింద దూరితే, ఆవిడ రేవు మీద నిలబడి, "ఎందుకే తల్లీ అలా ఏడుస్తావు, మీ ఆయన ఏమన్నా అన్నాడా?" అని పక్షిని పలకరించింది.

పక్కింటామెతో కూడా అలాగే స్నేహం కలిపేసింది. ఆవిడ పొడుగాటి మనిషి, ఎప్పుడూ మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. పెరట్లో పెరిగిన రూబార్బ్ కాడలు తెచ్చిచ్చేది. అమ్మమ్మ ఒక ముక్క కొరికి, "ఇది మన చుక్కకూరకి చుట్టమే" అని పప్పులో వేసింది. ఆ పప్పు గిన్నెడు పక్కింటికి వెళ్ళింది. ఈవిడ తెలుగులో, ఆవిడ ఇంగ్లీషులో గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఇద్దరిలో ఎవరికీ ఏ లోటూ కనిపించేది కాదు.

జులై వచ్చింది. అక్కడ జులైలో సూర్యుడు దిగనంటాడు. రాత్రి భోజనాలయ్యాక కూడా ఎండ కాస్తుంటే అమ్మమ్మ ఆశ్చర్యపోయి, ఆ తర్వాత లెక్కలు వేసుకుంది. "ఇంత ఎండ వృథాగా పోతోందే! ఏడాదికి సరిపడా వడియాలు పెట్టేసి వెళ్తాను మీ అమ్మకి."

ఇక ఇల్లంతా వడియాల వాసన. పొయ్యి మీద సగ్గుబియ్యం ఉడుకుతుండేది, పచ్చిమిరపకాయల ఘాటుకి నాన్న తుమ్ముకుంటూ ఆసుపత్రికి పారిపోయేవారు. ఇంటి వెనక, సరస్సు వైపు వాలులో చెక్కబల్ల ఒకటి ఉండేది, దాని పక్కన బట్టలారేసే తీగకి రెండు గుంజలు. బల్ల మీద పాత నేతచీర పరిచి, అమ్మమ్మ గరిటెతో గుండ్రంగా వడియాలు పెట్టేది. నాకు ఒక కర్ర ఇచ్చి కాపలా పెట్టింది. అక్కడ కాకులకంటే తెల్లటి నీటిపక్షుల బెడద ఎక్కువ. ఏ పక్షి వచ్చినా "హుష్ కాకి" అనాలని నేర్పింది. నేను సన్నగా అంటే ఒప్పుకునేది కాదు. "అలా గుసగుసలాడితే కాకి కూడా నీతో గుసగుసలాడుతుంది. పొట్టలోంచి రావాలి!" నేను ఎండుతున్నవాటికంటే పచ్చిపిండే ఎక్కువ తిన్నాను. ఒక సాయంత్రం సరస్సులోంచి సన్నటి రెక్కల పురుగులు మబ్బులా లేచి తడి వడియాలన్నిటి మీదా వాలి అతుక్కుపోయాయి. అమ్మమ్మ నెత్తి కొట్టుకుని ఆ వాయి మొత్తం పారబోసింది.

అలా కాపలా కాస్తూ కూడా నేను అడవివైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని కాదు. ఆకు రాలితే ఇంట్లోకి పరుగు. అది చూసే అమ్మమ్మ ఒకరోజు అమ్మని తగులుకుంది. "దీనికి ఊయల్లో ఉన్నప్పుడే ఎలుగుబంటి వెంట్రుక కట్టించాల్సింది. నీకు కట్టించలేదూ?"

అమ్మ నవ్వింది. "ఇక్కడ అవన్నీ ఎక్కడ దొరుకుతాయమ్మా?"

అమ్మమ్మ చిన్నతనంలో ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు ఊళ్ళోకి వచ్చేవారట. దడుసుకునే పిల్లల్ని దాని వీపు మీద కూర్చోబెట్టి దింపేవారట. దాని వెంట్రుక ఒకటి తాయెత్తులో పెట్టి నల్లతాడుతో కడితే ఇక ఆ పిల్ల దేనికీ జడవదట. "పాపం, ఆ జంతువు ముక్కుకి తాడు. ఇప్పుడు ఆడించనివ్వరులే, మంచిదే. కానీ వెంట్రుక మహిమ వెంట్రుకదే" అంది అమ్మమ్మ.

ఎక్కడ దొరుకుతుందని అమ్మ నవ్వింది కదా. ఆ వారమే అది మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది.

ఒకనాటి పొద్దున లేచి చూస్తే బల్ల ఖాళీ. చీర పీలికలై చెట్ల మొదట్లో పడి ఉంది. ఒక్క వడియం లేదు. పక్కింటామె వచ్చి, మెత్తటి మట్టిలో పడ్డ అడుగు చూపించింది. నా రెండు చేతులూ పక్కపక్కన పెట్టినా అది నిండలేదు. కాస్త ముందుకెళ్తే దాని పేడ, అందులో జీలకర్ర గింజలు. పక్కింటామె ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆపి నాన్నతో గట్టిగా చెప్పింది. తిండి బయట పెడితే అది మళ్ళీ వస్తుంది. మనుషుల ఇళ్ళకి మరిగిన ఎలుగుని చివరికి ఎవరో ఒకరు కాల్చేస్తారు. పిల్ల ఉన్న ఎలుగైతే మరీ ప్రమాదం. తర్వాత నా ముందు వంగి, ఎప్పుడైనా ఎదురుపడితే ఏం చేయాలో చెప్పింది. పరిగెత్తకూడదు, వీపు చూపించకూడదు, గిన్నెలు మోగించి గట్టిగా అరవాలి. నేను వింటూ నాన్న వెనక్కి నక్కాను.

"అత్తయ్యగారూ, ఇక బయట పెట్టకండి, ప్లీజ్" అన్నారు నాన్న.

"పెట్టను బాబూ. నోరులేని జీవానికి నా వల్ల చావు ఎందుకూ?" అంది అమ్మమ్మ. అన్న మాట ప్రకారం మిగతా వాయిలు మేడమీద గదిలో, ఫ్యాను కింద పెట్టింది. బల్ల కడిగించింది. కానీ ఉప్పూ మజ్జిగా పీల్చుకున్న చెక్కకి వాసన ఎక్కడికి పోతుంది?

మర్నాడు మధ్యాహ్నం అమ్మా నాన్నా ఆసుపత్రిలో ఉన్నారు. అమ్మమ్మ వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతోంది. నేను కిటికీ దగ్గరున్నాను. చెట్ల మధ్యలోంచి నల్లగా అది వచ్చింది. ఏ చప్పుడూ లేదు. అంత పెద్ద శరీరం అంత మెత్తగా నడవడం చూసే నాకు ఎక్కువ భయం వేసింది. బల్లని ఈ చివరనుంచి ఆ చివరదాకా నాకింది. తర్వాత బట్టల గుంజకి వీపు ఆనించి రెండు కాళ్ళ మీద లేచి, కళ్ళు సగం మూసుకుని వీపు రుద్దుకోసాగింది. గుంజ ఊగిపోతోంది, తీగ మీద అమ్మ ఆరేసిన దిండు గలీబులు ఎగురుతున్నాయి. ఎప్పుడు లేచి వచ్చిందో, నా పక్కనే అమ్మమ్మ గడ్డం కిటికీకి ఆనించి చూస్తోంది. "మా ఊరు వచ్చినది ఇలా నిగనిగలాడేది కాదే. దానికి పాపం తిండేదీ?"

అది రుద్దుకోవడం ముగించి, చెట్లలోకి వెళ్ళిపోయింది. అమ్మమ్మ పైటకి చేతులు తుడుచుకుంది.

"ఇక్కడే ఉండు. ఇప్పుడే వస్తాను."

"అమ్మమ్మా, వద్దు! డోంట్ గో!"

"వెళ్ళిపోయిందిగా. ఆ గుంజకి వెంట్రుకలు అంటుకునే ఉంటాయి. రెండు తెచ్చానంటే, నేను వెళ్ళాక ఆ రోడ్డు మీద నీకు అదే తోడు" అంటూ అద్దాల తలుపు జరిపి, చెప్పులేసుకుని వాలు దిగింది.

అప్పుడు చూశాను. గుంజకి కుడివైపు పైన్ చెట్టులో, కొమ్మ మొదట్లో నల్లటి ముద్ద. దానికి రెండు చెవులు. పిల్ల. తల్లి చెట్లలోకి వెళ్ళింది కానీ పిల్లని వదిలి వెళ్ళలేదు. అమ్మమ్మకి కుడివైపు కనపడదు. ఆవిడ గుంజ దగ్గర నిలబడి, చెక్క పేళ్ళలోంచి వెంట్రుకలు ఒక్కొక్కటే, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతోంది. అడవి అంచున పొదలు కదిలాయి.

అరుద్దామంటే గొంతు రాలేదు. అద్దం మీద కొట్టాను, ఆవిడకి వినపడలేదు. వంటింటి గట్టు మీద వడియాల పిండి ఉడికించే ఇత్తడిగిన్నె, పక్కన అట్లకాడ ఉన్నాయి. అవి ఎప్పుడు తీసుకున్నానో, తలుపు ఎలా దాటానో నాకు గుర్తులేదు. ఆ క్షణంలో ధైర్యం వచ్చిందని మాత్రం అనుకోకండి. బయటికి వెళ్ళడం భయం. లోపల నిలబడి ఆవిడకి ఏమన్నా అవుతుంటే చూడటం అంతకంటే భయం. పెద్ద భయమే చిన్న భయాన్ని మెడపట్టి బయటికి గెంటింది.

గిన్నె వాయిస్తూ పరిగెత్తాను. పరిగెత్తకూడదన్నది గుర్తొచ్చి ఆగాను. అప్పటికి అమ్మమ్మ పక్కకి చేరాను. అరవాలని తెలుసు, ఏమని అరవాలో తెలియలేదు. నా జన్మలో నాకు నేర్పిన అరుపు ఒక్కటే.

"హుష్ కాకి! హుష్ కాకి! హుష్!"

పొదల్లోంచి తల్లి బయటికొచ్చింది. ముక్కులోంచి బుస్సుమంది, పళ్ళు టకటకలాడించింది. ముందుకాళ్ళతో నేలని చరిచి ఒక్క దూకున మా మీదికి వచ్చింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మమ్మ నన్ను తన వెనక్కి లాగింది, నేను మళ్ళీ ముందుకి వచ్చాను, మళ్ళీ లాగింది. నేను గిన్నె ఆపలేదు. తడిసిన కుక్క వాసన, మురిగిన పళ్ళ వాసన మొహానికి కొట్టేంత దగ్గర అది ఆగిపోయింది. నిలబడి మమ్మల్ని చూసింది. చెట్టు మీంచి పిల్ల బరబరా జారి దిగింది. తల్లి ఇంకోసారి బుస్సుమని, పిల్లని ముందేసుకుని, అసలు ఏమీ జరగనట్టు అడవిలోకి వెళ్ళిపోయింది.

మేం వెనక్కి వెనక్కి నడిచి ఇంట్లోకొచ్చి తలుపు వేసుకున్నాం. అమ్మమ్మ వంటింటి నేల మీద కూలబడింది. కాసేపటికి పిడికిలి తెరిచింది. అరచేతికి అతుక్కుని నల్లటి వెంట్రుకలు నాలుగో అయిదో ఉన్నాయి.

"సూదీ దారం తేవే" అంది.

వడియాల చీర పీలికలోంచి చిన్న ముక్క చింపింది. వెంట్రుకలు మడతలో పెట్టింది. దారం చివర తడిచేసి సూదిలోకి దూర్చబోయింది, పోలేదు. మళ్ళీ ప్రయత్నించింది. కన్ను కనపడక అనుకున్నాను. కాదు, చేతులు గడగడా వణుకుతున్నాయి. నేను సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చాను. ఆవిడ నా వేళ్ళకేసి చూసింది.

"నీ చెయ్యి వణకట్లేదే!"

"నీది వణుకుతోంది అమ్మమ్మా."

"మరి భయం వేసింది కదే నాకు."

"నీకా?"

"ఏం, ముసలిదాన్నయితే భయం వేయదా? నాకు అన్నిటికీ భయమే. విమానం భయం. ఈ ఊరు భయం. ఆ పక్షి ఏడిస్తే గుండె గుభేలుమంటుంది, అందుకే దాంతో మాట్లాడతాను. రోజూ ఆ మట్టిరోడ్డు మీద నీ చెయ్యి పట్టుకున్నది నా కోసం కూడానూ."

ఎలుగుబంటి మా మీదికి దూకినప్పుడు కూడా నేనంత ఆశ్చర్యపోలేదు. పెద్దవాళ్ళకి భయం ఉండదని, పెద్దయితే అది దానంతటదే ఊడిపోతుందని, పాలపళ్ళలాగా, నేను నమ్ముతూ వచ్చాను. మొత్తం అబద్ధమన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కుట్టుకుంటూ పోయింది, వంకరటింకర కుట్లు.

అమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఏం లాభం? పక్కింటామె తన పడవలోంచి అంతా చూసి, ఒడ్డుకి పరిగెత్తుకొచ్చేలోగా అయిపోయిందట. సాయంత్రం ఆవిడే అమ్మకి చేతులూపుతూ వర్ణించింది. అమ్మ నన్ను కరుచుకుని, వాళ్ళమ్మని తిట్టి, మళ్ళీ వాళ్ళమ్మని కరుచుకుని ఏడ్చింది. నాన్న మర్నాడే ఆ బల్లని గొడ్డలితో కొట్టి, ఊరవతల చెత్తలో పారేసి వచ్చారు. ఎలుగుబంటి మళ్ళీ మా పెరట్లోకి రాలేదు. దాన్ని ఎవరూ కాల్చలేదు కదా అని, తిరిగి వెళ్ళేదాకా అమ్మమ్మ పక్కింటామెని సైగలతో అడుగుతూనే ఉంది.

ఆవిడ వెళ్ళిన మర్నాడు స్కూలు. అమ్మ కారు తాళాలు పట్టుకుని నాకేసి చూసింది. "నేను రానా?"

వద్దన్నాను. మెడలో తాయెత్తుని పిడికిట్లో బిగించి మట్టిరోడ్డు ఎక్కాను. భయం ఏమాత్రం తగ్గలేదు. ప్రతి చెట్టుకీ "హుష్ కాకి" చెప్పుకుంటూ, పొట్టలోంచి అరుచుకుంటూ నడిచాను. మలుపు దగ్గర పక్కింటామె, ఏనాడూ లేనిది, తన ఉత్తరాల డబ్బా తలుపు తెరుస్తూ మూస్తూ నిలబడి ఉంది. నాకేసి చూడనట్టు నటించింది. బస్సు ఎక్కాక చూసుకుంటే పిడికిలి తెరుచుకోవడం లేదు. అమ్మ ఆ రోజు డ్యూటీకి సమయానికి చేరింది.

తర్వాతి వేసవిలో ఈత నేర్చుకుంటుంటే తాడు తెగి తాయెత్తు సరస్సులో పడిపోయింది. బహుశా ఆ ముసలి తాబేలు మెడలో ఉండి ఉంటుంది. అమ్మమ్మ మళ్ళీ రాలేదు. రావాలనుకుంటూనే కన్నుమూసింది. మిల్లు మూతపడింది. మేం ఇటు, రాష్ట్రం దక్షిణానికి వచ్చేశాం. పక్కింటామె ఇల్లు ఎవరో కొని పడగొట్టి అద్దాల మేడ కట్టారట. ఆవిడా లేదు. ఇప్పుడు ఆ సరస్సు కొన్ని చలికాలాలు పూర్తిగా గడ్డకట్టడం లేదని చదివాను. బీరువా ఈడ్చే ఆ చప్పుడు ఎంత భయపెట్టేదో, అది లేదంటే ఇప్పుడు అంత దిగులుగా ఉంది.

అంతా విని మా అమ్మాయి అడిగింది. "సో, ఆ హెయిర్ వర్క్ అయిందా?"

"లేదు. భయం ఎక్కడికీ పోలేదు. చూశావుగా, ఇందాక గడియ చూసి వచ్చాను."

ఆ సాయంత్రం చెత్తడబ్బా వీధి చివర పెట్టే వంతు నాది. మసక చీకటి పడింది. గడియ తీసి బయటికొచ్చాను. పొదల్లో ఏదో కదిలింది, కుందేలే అయి ఉంటుంది. డబ్బా లాక్కుంటూ, ఎవరికీ వినపడకుండా, "హుష్ కాకి" అనుకున్నాను.

వెనకాల వంటింటి కిటికీ తెరుచుకుంది. మా అమ్మాయి తల బయటపెట్టి, తన అమెరికా యాసలో వీధంతా వినపడేలా అరిచింది.

"గట్టిగా, అమ్మా! పొట్టలోంచి రావాలి!"